విడి చాప

కుట్టుకార్ఖానా వెనకవైపు గదిలో పిల్లలకు అన్నాలు పెట్టే వేళయితే ఆయమ్మ మొహంలోకి ఒక కళ వచ్చేస్తుంది. పెద్ద సత్తుగిన్నె ఒళ్లో పెట్టుకుని, పిల్లల్ని ఎదురుగా వరసన కూర్చోబెట్టి, మెత్తటి అన్నంలో కూర వేసి, వేళ్లతో మెదిపి, ముద్దలు చేసి ఒక్కొక్క నోట్లో పెట్టుకుంటూ పోతుంది. ఈ చివర నుంచి ఆ చివరకు, మళ్లీ ఆ చివర నుంచి ఈ చివరకు. ఎవడైనా ముద్దను బుగ్గన పెట్టుకుని దిక్కులు చూస్తుంటే చూపుడువేలు నోట్లో పెట్టి దాన్ని లోపలికి తోస్తుంది. మూతికి అంటిన మెతుకు తీసి, పారెయ్యడమెందుకని మళ్లీ అదే నోట్లో వేస్తుంది. ఇంట్లో తల్లుల్ని మూడు చెరువుల నీళ్లు తాగించే పిల్లలు కూడా ఇక్కడ కిక్కురుమనకుండా తింటారు. "నీ చేతిలో ఏముందో గానీ పెద్దమ్మా" అంటారు తల్లులు. ఆ మాట విన్న రోజు ఆమెకు మోకాళ్ల నొప్పులు కూడా గుర్తుకు రావు.

ఆ చేతిని కాదన్నది ఒక్క వకీలే.

వకీలంటే నల్లకోటు వకీలు కాదు. మిషన్ల హాల్లో గుండీలు కుట్టడానికి కొత్తగా చేరిన అమ్మాయి కూతురు. పాలపళ్లు ఊడే వయసు కూడా ఇంకా రాలేదు. "నిద్ర రాకపోయినా పడుకోవాలా? మరి నువ్వెందుకు పడుకోవు?" అని చేరిన రోజే ఆయమ్మను నిలదీసింది. గది చూసిపోదామని వచ్చిన సూపర్‌వైజర్‌ని ఎగాదిగా చూసి, "ఈయనకి ఇక్కడ పిల్లాడు లేడు కదా, ఎందుకొచ్చాడు?" అనడిగింది. ఆయన నవ్వు ఆపుకోలేక, "వకీలు దొరికిందర్రా మనకి" అన్నాడు. అప్పటి నుంచి అసలు పేరు తల్లికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

మొదటి రోజు ఆయమ్మ ముద్ద చేసి నోటి దగ్గర పెడితే ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది.

"నాకు చెయ్యుంది కదా" అంది.

"చిన్న చెయ్యి తల్లీ. కింద పోస్తావు."

"పోస్తే నేనే తీస్తా."

పళ్లెం తీసుకుని, గోడవైపు తిరిగి కూర్చుని, సగం ఒంటి మీదా సగం నోట్లోనూ వేసుకుంటూ తిన్నది. తరవాత కిందపడ్డ మెతుకులన్నీ నిజంగానే ఏరింది. ఆయమ్మ నవ్వేసి, చేతిలో ఉన్న ముద్దను పక్కనున్న బొండాం నోట్లో పెట్టింది. బొండాం కాలర్లు కుట్టే ఆవిడ కొడుకు, ఎవరి వంతు ముద్దకైనా నోరు తెరిచే రకం. ఆయమ్మ నవ్వింది గానీ లోపల ఎక్కడో చివుక్కుమంది. చంటిపిల్ల మీద పంతమేమిటని ఎవరైనా అడిగితే ఆమె చచ్చినా ఒప్పుకునేది కాదు. అయినా రోజూ మొదటి ముద్ద వకీలుకే చాపేది. రోజూ ఆ పిల్ల తల అడ్డంగా ఊపేది.

ఇలా ఉండగా పిల్లల్లో ఏదో తేడా వచ్చింది. మధ్యాహ్నం పడుకోబెడితే కుదురుగా పడుకోరు, వెనక్కి చెయ్యి పోనిచ్చి గోక్కుంటారు. నిద్రలో పళ్లు కొరుకుతారు. ఊరికే చిరాకుపడి ఏడుస్తారు. రాత్రి పిల్లాడు పడుకోనివ్వలేదని ఒక తల్లి అంటే, మా పిల్లా అంతేనని ఇంకో తల్లి అంది. ఒకరోజు బొండాంని కడుగుతుంటే ఆయమ్మకు కనపడనే కనపడింది. తెల్లగా, సన్నగా, చిన్న దారపుముక్క. అది మెల్లగా మెదిలింది.

సాయంత్రం పిల్లల కోసం వచ్చిన తల్లులు తలుపు దగ్గర మూగినప్పుడు ఆ మాట చెప్పింది. చెప్పకుండా దాచే మనిషి కాదు. కాలర్లావిడ కొడుకును చంకనేసుకుని మొహం ముడిచింది.

"నులిపురుగులా? ఇన్నాళ్లూ లేనివి ఇప్పుడెక్కడి నుంచి వచ్చాయి పెద్దమ్మా?"

అందరూ ఆయమ్మ మొహంకేసి చూశారు. నాకేం తెలుసమ్మా అనొచ్చు. పిల్లలన్నాక వస్తాయి, మందు వేయిద్దాం అనొచ్చు. అంతమంది చూస్తుంటే అలా తేల్చెయ్యడానికి మనసు రాలేదు. గదిలో ఒక మూల వకీలు పూలకుండీ ముందు కూర్చుని, మట్టిలో వేలు పెట్టి ఏదో తవ్వుతోంది. ఆయమ్మ చూపు అక్కడ ఆగింది.

"కొత్తగా వచ్చిందెవరు? మీరే చూడండి. పొద్దస్తమానం ఆ మట్టిలోనే చేతులు. ఆ చేత్తోనే తిండి. ఇల్లు చూస్తే మురుక్కాలవ పక్కన. నా చేతి ముద్ద తింటే కదా, దాని చెయ్యే దానికి గొప్ప."

గుండీలమ్మాయి వెనకగా నిలబడి ఉంది. జాకెట్టు అంచుకు గుచ్చుకున్న సూది తీసి పెట్టెలో వెయ్యడం మరిచిపోయి అలాగే వచ్చినట్టుంది. ఏదో అనబోయింది. చేరి నెల కూడా కాలేదన్న సంగతి గుర్తొచ్చిందేమో, అనలేదు. ముందుకొచ్చి కూతురి చెయ్యి పట్టుకుని, మట్టి దులిపి, తలవంచుకుని వెళ్లిపోయింది.

మర్నాడు ఆయమ్మ గదిలో ఏర్పాట్లు మార్చింది. చిరిగిపోయి పక్కన పడేసిన పాత చాప తీసి కిటికీ కింద పరిచింది. హాల్లోంచి ఎర్ర దారం కాస్త తెచ్చి ఒక స్టీలు గ్లాసుకు చుట్టి ముడేసింది. ఎంతైనా మన ఆయమ్మకున్న శ్రద్ధ ఎవరికుంటుందని తల్లులు మెచ్చుకున్నారు.

"ఇక్కడే కూర్చోవాలి. ఇందులోనే తాగాలి. ఎవర్నీ ముట్టుకోకూడదు" అంది ఆయమ్మ వకీలుతో.

"ఎందుకు?"

"నీ కడుపులో పురుగులున్నాయి."

"ఎవరు చూశారు?"

"చూశారులే."

"నువ్వు చూసింది బొండాంకి కదా?"

"నోర్మూసుకుని కూర్చో" అంది ఆయమ్మ. పిల్లల్ని కసిరే అలవాటు ఆమెకు లేదు. అందరికంటే ముందు ఆమే ఉలిక్కిపడింది.

దాహం వేస్తే వకీలు ఖాళీ గ్లాసును చాప అంచున పెట్టేది. ఆయమ్మ పైనుంచి నీళ్లు వంచి, గ్లాసును వేలి చివరతో చాప వైపు తోసేది. ఇంత జాగ్రత్త ఎవరూ చెప్పలేదు, ఆమెకే తోచింది. అదంతా పిల్లలకు ఆటలా ఉంది. వకీలు చాప దాటి అడుగేస్తే చాలు, "పురుగులొచ్చె, పురుగులొచ్చె" అని అరుచుకుంటూ గది అవతలి వైపు పరిగెత్తేవాళ్లు. మొదట వకీలు వాళ్లతో వాదించింది. "నాకు దురద లేదు, మీకే ఉంది, మీరే గోక్కుంటున్నారు" అని ఒక్కొక్కణ్ణీ వేలెత్తి చూపించింది. ఆయమ్మకు ఆ మాట చెవినపడింది. ఉతికిన తువ్వాళ్లు మడతపెడుతూ, ఒకసారి పెట్టిన మడతను విప్పి మళ్లీ పెట్టింది. పిల్లల్ని వారించలేదు. మర్నాటికి వకీలు వాదన మానేసి, చాప పుల్లలు ఒక్కొక్కటే పీకుతూ కూర్చుంది.

అంత చేసినా కాలర్లావిడకు తృప్తి లేదు. "చాప వేరైతే గాలి వేరవుతుందా" అని హాల్లో పదిమంది వినేటట్టు అంది. మిగతా తల్లులు అవునంటే అవునన్నారు. మర్నాటి నుంచి గుండీలమ్మాయి కూతుర్ని వెనక గదికి పంపలేదు. తన బల్ల కింద, గుండీల పెట్టెల మధ్య కూర్చోబెట్టుకుంది. ఆ పిల్ల మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, కిందపడ్డ గుండీలు రంగుల వారీగా వేరుచేస్తూ కూర్చునేది. పక్క బల్ల మీద ఇస్త్రీపెట్టెలు కాగుతుంటాయి. సూపర్‌వైజర్ చూసి నెత్తి కొట్టుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, భయస్థుడు.

"ఇది పిల్లల్ని పెట్టుకునే చోటా అమ్మా? సూదులు, ఇస్త్రీపెట్టెలు. ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటుంది. ఈ వారం చూసీ చూడనట్టు ఊరుకుంటా. ఈలోపు ఏదో ఏర్పాటు చేసుకో, లేదంటే పనికి రాకు."

ఏర్పాటు చేసుకోవడానికి ఆ అమ్మాయికి ఇంట్లో ఇంకో మనిషి లేదని హాల్లో అందరికీ తెలుసు. ఆయమ్మకూ తెలుసు.

వకీలు గదిలోకి రావడం మానేసినా మిగతా పిల్లల గోకుడు మానలేదు. సూపర్‌వైజర్ ఈ గోల పడలేక దగ్గర్లోని ఆస్పత్రి నుంచి నర్సమ్మను పిలిపించాడు. ఆవిడ టీల వేళ వచ్చి, వెనక గదిలో పిల్లల స్టూలు మీద ఇరుక్కుని కూర్చుని, తల్లులందరికీ అంటుకునే టేపు ముక్కలు పంచింది. పొద్దున లేవగానే, కడగకముందే, పిల్లల వెనక ఈ టేపు అద్ది తీసి తెమ్మంది. వరసగా రెండు మూడు పొద్దులు తెస్తే తప్ప తేలదంది.

"ఈ పురుగు పగలంతా బుద్ధిగా లోపలుంటుంది. రాత్రి బయటికొచ్చి గుడ్లు పెడుతుంది. అప్పుడే దురద. నిద్రలో గోక్కుంటాం. గుడ్లు గోళ్లలోకి పోతాయి. కంటికి కనపడవు. ఆ చేత్తో ఏది ముట్టుకుంటే అక్కడికి. పెద్దవాళ్లకూ ఉంటాయి. మనం సిగ్గుపడి చెప్పుకోం, అంతే తేడా."

ఆయమ్మ నీళ్లబిందె పక్కన నిలబడి వింటోంది. తెల్లవారుజామున ఆమెకు మెలకువ వచ్చేసి ఎన్నాళ్లో అయింది. ముందు సబ్బు పడలేదనుకుంది, సబ్బు మార్చింది. తరవాత వేడి చేసిందనుకుంది. నూనె రాసుకుంది. వయసు మీదపడితే ఇలాంటివన్నీ వస్తాయని సరిపెట్టుకుంది. ఇదంతా వకీలు ఈ గది గుమ్మం తొక్కకముందే. ఆ లెక్క బుర్రలో తేలేసరికి ఆమె చెయ్యి తనంతట తను చీరకొంగులోకి వెళ్లి దాక్కుంది.

"మీరూ చూసుకోండి ఆయమ్మా" అంది నర్సమ్మ.

"నాకేంటమ్మా, ఈ వయసులో" అని ఆయమ్మ నవ్వింది. తల్లులూ నవ్వారు. నర్సమ్మ సంచి సర్దుకునే హడావుడిలో ఉండగా బల్ల మీద మిగిలిన టేపు ముక్క ఒకటి తీసి బొడ్లో దోపుకుంది.

మర్నాడు తెల్లవారి, వాకిట్లోకి వెలుగు వచ్చాక, ఇంట్లో కోడలు పాలకోసం బయటికి వెళ్లిన సమయం చూసి ఆ పని చేసింది. తలుపు గడియ వేసుకుని, టేపు ముక్కను కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. తెల్లటి పోగు ఒకటి అంటుకుని ఉంది. కార్ఖానాలో పనిచేసే మనిషి ఒంటి మీద దారపుపోగులకు కొదవేమిటి, చీరలో, జుట్టులో, చివరికి అన్నంలో కూడా వస్తాయి. ఇదీ అదే అయ్యుంటుందని ఊపిరి పీల్చుకుంది. అంతలో ఆ పోగు ఒక కొస మెల్లగా వంగి, మళ్లీ సాగింది.

ఆయమ్మ కుడిచెయ్యి ముందుకు చాచి చూసుకుంది. గోళ్లు మరీ పొడుగేం కాదు. గోరంత సందులో ఏదైనా ఉంటుందని ఎప్పుడనుకుంది. ఎన్ని ముద్దలు, ఎన్ని నోళ్లు. నీ చేతిలో ఏముందో గానీ పెద్దమ్మా. కోడలు వచ్చి తలుపు కొట్టేదాకా అలాగే ఉండిపోయి, తరవాత కత్తెరతో గోళ్లు మొదలంటా కత్తిరించుకుంది. సబ్బు అరిగేదాకా చేతులు కడిగింది.

"ఏంటత్తయ్యా, బట్టలుతికినట్టు ఉతుకుతున్నారు?" అంది కోడలు.

"మసి అంటింది" అంది ఆయమ్మ.

ఆ రోజు వేలికి గుడ్డపీలిక చుట్టుకుని, వేలు తెగిందని చెప్పి, పిల్లలకు చెంచాతో పెట్టింది. పిల్లలు ఒప్పుకోలేదు. బొండాం చెంచాను నాలుకతో బయటికి తోసి, ఆమె చెయ్యి పట్టుకుని నోటి దగ్గరకు లాక్కున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి గుంజుకుంది. వాడు బిత్తరపోయి ఏడుపు లంకించుకున్నాడు. కిటికీ కింద చాప చుట్టి నిలబెట్టి ఉంది. ఆ వైపు చూడకుండా ఉండటానికి ఆమె పొద్దంతా అటు వీపు పెట్టి కూర్చుంది.

పొద్దున్నే తల్లులు తెచ్చిన టేపు ముక్కలన్నీ రోజూ ఆస్పత్రికి చేరాయి. గుండీలమ్మాయి కూడా తెచ్చింది. కాగితంలో పొట్లం కట్టి, ఎవరికీ చెయ్యి తగలకుండా, బల్ల చివర పెట్టి వెళ్లింది. చూడటం అంతా అయ్యాక నర్సమ్మ మాత్రలు పట్టుకుని వచ్చింది. సూపర్‌వైజర్ లేడు. ఆయమ్మే ఎదురుగా ఉంది.

"అనుకున్నట్టే, దాదాపు అందరికీ ఉన్నాయి. ఆ గుండీలావిడ పాపకు తప్ప. ఏ రోజు దాంట్లోనూ ఏమీ లేదు. ఇంతమంది మధ్యలో ఆ పిల్ల ఎలా తప్పించుకుందో నాకే ఆశ్చర్యంగా ఉంది."

ఎలా తప్పించుకుందో ఆయమ్మకు తెలుసు. నాకు చెయ్యుంది కదా.

"మరి ఎవరి నుంచి వచ్చాయంటారమ్మా?" అని అడిగింది.

"అదెవరూ తేల్చలేరు. మీ నుంచి పిల్లలకు, పిల్లల నుంచి మీకు, ఎటైనా కావచ్చు. తేల్చి చేసేదేముంది? ఎవరి తప్పూ కాదు. అందరూ ఒకే రోజు నమిలి మింగెయ్యాలి, పెద్దవాళ్లతో సహా. రెండు వారాలు పోయాక మళ్లీ. దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి. ఈ మాట తల్లులకు మీరే చెప్పేయండి, నాకు వేరే పనుంది."

నర్సమ్మ ఎంత మంచిగా తలుపు తీసి పెట్టిందో. ఎవరి తప్పూ కాదు. సాయంత్రం ఆయమ్మ ఆ తలుపులోంచే దూరి బయటపడింది. అందరూ మాత్రలు వేసుకోవాలంట, దుప్పట్లు ఉతకాలంట అని తల్లులకు చెప్పింది. "ఆ పిల్లకు కూడానా?" అని కాలర్లావిడ అడిగితే, "అందరికీ" అంది. అబద్ధం కాదు. ఆ పిల్లకు ఏమీ లేదన్న ముక్క మాత్రం గొంతులోనే మింగేసింది. పురుగులకు మందుంది. చెయ్యని నేరానికి ఒక పిల్లను మూల కూర్చోబెట్టిన చేతికి మందేదో నర్సమ్మ చెప్పలేదు.

తల్లులు వెళ్లిపోయాక ఆయమ్మ పెరట్లో దుప్పట్లు నానబెడుతుంటే గుండీలమ్మాయి వచ్చి నిలబడింది. చేతిలో ఎర్రదారం గ్లాసుంది. శుభ్రంగా తోమి తెచ్చింది.

"ఇది పిల్లతో పాటు వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది పెద్దమ్మా. ఇచ్చేసి వెళ్దామని."

"ఎక్కడికి?"

"రేపటితో మానేస్తాను. సూపర్‌వైజర్‌గారు ఎన్నాళ్లని ఊరుకుంటారు. మీకో మాట చెప్పాలనిపించింది." ఆ అమ్మాయి గ్లాసును అటూ ఇటూ తిప్పింది. "మా పిల్ల వల్ల అందరి పిల్లలకూ వచ్చిపడింది. మీరు చూడబట్టి గానీ లేకపోతే ఇంకా ముదిరేది. మనసులో పెట్టుకోకండి."

ఆయమ్మ చేతిలో దుప్పటి బరువుగా జారింది. ఎత్తలేదు.

"దాని గోళ్లు రక్తం వచ్చేదాకా తీశాను. రాత్రిళ్లు చేతులకు గుడ్డ చుట్టి పడుకోబెడుతున్నా. మొదట్లో గొడవ చేసింది, నాకు లేవు, నాకు లేవని. రెండు దెబ్బలేశాను. ఇప్పుడు నేను అడక్కుండానే తనే చేతులు చాపుతోంది, కట్టమని."

"ఏమీ అడగటం లేదా?"

"లేదు పెద్దమ్మా. నెమ్మదిగా ఉంటోంది."

వకీలు నెమ్మదిగా ఉంటోందన్న మాట ఆయమ్మ గుండెలో కలుక్కుమంది. చెప్పెయ్యడానికి ఇంతకంటే అదను ఏముంది, ఎదుట ఈ ఒక్క మనిషే ఉంది, పెరట్లో వేరే నరపురుగు లేదు. నోరు తెరిచింది. నిందవేసింది అందరి ముందూ, విప్పేది ఎవరూ లేనిచోటా? తెరిచిన నోరు మూసుకుంది.

"రేపు పిల్లను తీసుకురా. బల్ల కిందకి కాదు, నా గదికి" అంది.

"వాళ్లు ఒప్పుకోరు పెద్దమ్మా."

"నువ్వు తీసుకురా."

మర్నాడు టీల వేళ మిషన్లు ఆగగానే ఆయమ్మ హాల్లోకి వచ్చింది. ఆమె ఆ హాల్లోకి రావడమే అరుదు. అందరూ గ్లాసులు పట్టుకుని చూశారు. రాత్రంతా మాటలు వరస పెట్టుకుని వచ్చింది గానీ నిలబడేసరికి వరస తప్పింది.

"గుండీలమ్మాయి కూతురికి ఏమీ లేదు. నర్సమ్మ చెప్పింది. నిన్ననే చెప్పింది, నేను మీకు చెప్పలేదు." ఆగింది. "నాకున్నాయి. నేను కళ్లారా చూసుకున్నాను. ఆ పిల్ల రాకముందు నుంచే నాకు దురద. ఆ చేత్తోనే మీ పిల్లలకు ముద్దలు పెట్టాను."

కాలర్లావిడ టీ గ్లాసు కింద పెట్టింది. "ఏంటి పెద్దమ్మా మీరనేది?"

"ఎవరి దగ్గర మొదలైందో తేల్చలేమంది నర్సమ్మ. నాకు తెలిసే చేశానా? అది కాదు నేను చెప్పేది. ఆ పిల్ల నా చేతి ముద్ద తినేది కాదు. తినలేదని నాకు కోపం. చంటిదాని మీద. అందుకే మీరడగ్గానే దాని పేరే నోటికొచ్చింది. దానికి దురదలేదు, దాని ఒంట్లో పురుగు నేను చూడలేదు. దాని పేరు చెప్పాను, మీరు నమ్మారు."

నర్సమ్మ ఇచ్చిన మాత్రను కొంగు ముడిలోంచి తీసి, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుని నమిలింది. ఇవన్నీ ఇక్కడ ఎందుకన్నట్టు సూపర్‌వైజర్ చేతులు నలుపుకుని, "చెంచాలు తెప్పిస్తాలే" అన్నాడు. ఎవరో ఒకరు మిషను తొక్కడం మొదలుపెట్టారు. టీలు ఇంకా అవనే లేదు, అయినా ఒక్కొక్కటే అన్ని మిషన్లూ కదిలాయి. గుండీలమ్మాయితో ఒక్క మాట అన్నవాళ్లు లేరు. కాలర్లావిడ మాత్రం పోతూ పోతూ ఆ బల్ల దగ్గర ఆగి, కింద పడ్డ గుండీ ఒకటి తీసి పెట్టెలో వేసి వెళ్లింది.

ఆయమ్మ ఆ బల్ల ముందు నిలబడింది. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. గుండీలమ్మాయి చొక్కాలోంచి సూది సగం లాగి అలాగే పట్టుకుని ఉంది.

"నేను దాన్ని కొట్టాను పెద్దమ్మా" అంది.

సూది మిగతా సగం లాగి, మళ్లీ గుండీ మీదకు వంగింది.

వెనక గదికి వచ్చేసరికి పిల్లలు బిలబిలమంటూ ఆడుకుంటున్నారు. వకీలు ఆడటం లేదు. చుట్టిపెట్టిన పాత చాపను తనే లాక్కొచ్చి, తనే పరుచుకుని, కిటికీ కింద కూర్చుంది. ఎర్రదారం గ్లాసు ముందు పెట్టుకుంది. చేతులు రెండూ ఒళ్లో దాచుకుంది. వేళ్ల చివర్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి.

ఆయమ్మ దగ్గరకు వెళ్లి వంగబోయింది. ఆ పిల్ల చటుక్కున వెనక్కి జరిగింది.

"ముట్టుకోకు. నీకు పురుగులు ఎక్కుతాయి."

"నీకు లేవమ్మా. నర్సమ్మ చూసింది, నీకేమీ లేవంది."

వకీలు నమ్మలేదు. అమ్మ గోళ్లు కోసింది కదా, అమ్మ కొట్టింది కదా, లేకపోతే ఎందుకు చేస్తుందన్నట్టు చూసింది.

"మరి ఎవరికున్నాయి?"

"నాకు."

"ఎవరు చూశారు?"

ఎన్నాళ్ల తరవాతో ఆ ప్రశ్న. ఆయమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనే చూశాను. తెల్లగా ఉంది. కదిలింది కూడా. అబద్ధం చెప్పాను నేను, నీకున్నాయని."

వకీలు పిల్లలవైపు చూసింది, గ్లాసువైపు చూసింది, తన ఎర్రటి వేళ్లు చూసుకుంది. తరవాత లేచి నిలబడి, చాప మీద నుంచి పక్కకు దిగింది.

"అయితే ఇది నీ చాప" అంది.

అందులో కోపం లేదు, కక్ష లేదు. గదిలో ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతి పెట్టింది ఆయమ్మే. ఆయమ్మ మోకాళ్లు పట్టుకుని, గోడ ఊతంతో దిగి, ఆ చిరుగుల చాప మీద కూర్చుంది. ఇదేదో కొత్త ఆట అనుకుని పిల్లలు నవ్వారు. బొండాం పరుగెత్తుకొచ్చి ఒళ్లో పడబోతే వకీలు రెండు చేతులూ అడ్డం చాచి వాణ్ణి ఆపింది.

"ముట్టుకోకూడదు. మాత్ర వేసుకుంది, తగ్గేదాకా ఆగు" అని వాడికి చెప్పింది. మాత్ర సంగతి ఆ పిల్లకు ఎలా తెలిసిందో, అది నమలడం తలుపు సందులోంచి చూసిందేమో.

తరవాత ఎర్రదారం గ్లాసు తీసుకుని నీళ్లబిందె దగ్గరకు వెళ్లింది. మునివేళ్ల మీద నిలబడి నీళ్లు ముంచుకుని, రెండు చేతులతో పట్టుకుని, తొణక్కుండా నడిచి వచ్చింది. చాపకు ఇవతలే ఆగి, గ్లాసు నేల మీద పెట్టి, ఒక్క వేలి చివరతో ఆయమ్మ వైపు తోసింది. అచ్చంగా ఆయమ్మ తోసినట్టే తోసింది.

ఆయమ్మ గ్లాసు తీసుకుంది. దాహం లేదు. అయినా గుక్క తిప్పుకోకుండా చివరిదాకా తాగి, గ్లాసు కింద పెట్టింది.

వకీలు వంగి గ్లాసులోకి చూసింది.

"ఇంకా కావాలా?" అని అడిగింది.

ఆ పిల్ల ఈ చాప మీద కూర్చున్న రోజుల్లో ఆయమ్మ ఒక్కసారి కూడా ఆ మాట అడగలేదు.